మన తలలోని మెదడు: దాని భాగములును పనులును



మన తెలుగు మాటలలో గుండెకు ఇచ్చిన గౌరవము తలకు ఇయ్యలేదు. ధైర్యవంతుని గుండె గలవాడందుము. దుఃఖము కలిగిన గుండె పగిలినదందుము. తలకు మాత్రము తలనొప్పి, తలబిరుసు, తలతిరుగుడు అను మాటలను మిగిల్చితిమి. ఇది మన తప్పు మాత్రమే కాదు. గ్రీకు దేశపు గొప్ప పండితుడైన అరిస్టాటిలు కూడ ఆలోచనకు గుండెయే స్థానమనియు, మెదడు రక్తమును చల్లార్చు అవయవమనియు తలంచెను. ఆయనకు ముందే హిపోక్రటీసు సంప్రదాయపు వైద్యులు మన సంతోషము, దుఃఖము, తలంపు అన్నియు మెదడునుండియే పుట్టుచున్నవని వ్రాసియుండిరి. వారి మాటయే నిజమని తరువాతి కాలపు పరీక్షలు తేల్చినవి.

ఈ నెల పాఠమునకు మెదడును ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. అది మాకు సంతోషకరమైన కారణము కాదు. అయినను చెప్పుట మంచిది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రాత్రి పొరుగు పాలెమునుండి మమ్ములను పిలిచిరి. అరువది యేండ్ల తండ్రి ఒకడు రాత్రి భోజనము చేయుచుండగా ముద్ద నోటికి అందలేదు. కుడిచేయి జారిపోయెను. మూతి ఒక ప్రక్కకు వంగెను. మాట ముద్దముద్దగా వచ్చుచుండెను. గాలి సోకినదని కొందరనిరి. పావురపు నెత్తురు పూయవలెనని కొందరనిరి. మేము సెమినరీలో చదివినవారము గనుక ఇంటివారందరు మా ముఖము చూచిరి. మేము ఏమి చెప్పితిమి? "పగలంతయు ఎండలో పనిచేసిన నీరసమై యుండును. పండుకొననిండు. తెల్లవారిన తరువాత ఆసుపత్రికి పోవుదము" అంటిమి. తెల్లవారెను. ఆసుపత్రిలో వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని గంటలకు మొదలైనది?" అని. మా జవాబు విని ఆయన కొంతసేపు మాటలాడలేదు. ఆ తండ్రి బ్రదికెను గాని, ఆ చేయి మరల కొడవలి పట్టలేదు. రెండు మూడు మాటలు తప్ప నోటినుండి రాలేదు.

ఆ రాత్రి మాకు తెలియనిది ఈ పాఠములో వ్రాయుచున్నాము. మొదట మెదడు భాగములను గూర్చియు, పిమ్మట అవి దెబ్బతిన్నప్పుడు మనము చేయవలసిన దానిని గూర్చియు చెప్పుదుము.

1. మెదడునకు గల కావలి

కొబ్బరికాయను చూడుడి. పైన పీచు, దాని లోపల గట్టి చిప్ప, దాని లోపల మెత్తని కొబ్బరి, నీరు ఉన్నవి. మన తలయు ఇంచుమించు అట్టిదే. వెండ్రుకలు, చర్మము పీచువంటివి. మెదడును చుట్టియున్న కపాలము 8 ఎముకలు ఒకదానితో ఒకటి అతుకుకొని యేర్పడిన చిప్ప. దాని లోపల మూడు పొరలున్నవి. వెలుపలి దళసరి పొరను వరాశిక అనియు, నడిమి పొరను లౌతికళ అనియు, మెదడును అంటుకొనియుండు పలుచని పొరను మృద్వి అనియు మన పాఠ్యపుస్తకములలో పేర్లు పెట్టిరి. ఈ పొరలకు చీము పట్టి వాచినయెడల జ్వరము, మెడ బిగిసిపోవుట, వెలుతురు చూడలేకపోవుట కలుగును. దానినే మెదడువాపు జ్వరములలో ఒకటిగా చెప్పుదురు. అట్టి బిడ్డను ఒక్క పూటయైనను ఇంట ఉంచకూడదు.

కొబ్బరికాయలో నీరు కొబ్బరికి లోపల మాత్రమే యుండును. తలలోని నీరు మెదడునకు లోపలను, చుట్టును కూడ ఉండును. పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు. దినమునకు సుమారు అర లీటరు క్రొత్తగా ఊరుచు, పాతది రక్తములోనికి ఇంకిపోవుచుండును. మెదడు ఈ నీటిలో తేలుచుండును గనుక తన బరువుతో తానే నలిగిపోదు. చిన్న దెబ్బలు దానికి తగులవు.

ఇట్లు కాపాడబడిన మెదడు బరువు పెద్దవారిలో సుమారు 1,300 నుండి 1,400 గ్రాములు. దానిలో దాదాపు 8,600 కోట్ల నాడీకణములు ఉన్నవని లెక్కించిరి. ఒక్కొక్క కణము వేలకొలది ఇతర కణములతో సన్నని పోగులద్వారా వర్తమానములు ఇచ్చిపుచ్చుకొనుచుండును. ఆ వర్తమానములు కొంత విద్యుత్తు రూపముగాను, కొంత రసాయనముల రూపముగాను నడచును.

2. పెద్ద మెదడు

తల తెరచిన మొదట కనబడునది పెద్ద మెదడు. వలిచిన అక్రోటు పప్పువలె ముడుతలు పడి, కుడి ఎడమలుగా రెండు సగములై యుండును. ముడుతలెందుకు? పెద్ద దుప్పటిని చిన్న పెట్టెలో పెట్టవలెనన్న మడతలు వేయుదుము గదా! అట్లే విశాలమైన పైపొర ఈ చిన్న కపాలములో ఇముడుటకు ముడుతలు పడినది. రెండు సగములను కోట్లకొలది పోగుల కట్ట ఒకటి నడుమ కలుపుచున్నది.

ఇక్కడ ఒక వింత చెప్పవలెను. ఎడమ సగము దేహపు కుడి ప్రక్కను, కుడి సగము ఎడమ ప్రక్కను నడపుచున్నవి. కదలికకు సంబంధించిన నాడీపోగులలో చాలవరకు మెదడు అడుగున, మెడకు పైభాగమున, ఒకదాని నొకటి దాటి అవతలి ప్రక్కకు పోవుటయే దీనికి కారణము. కనుక పక్షవాతముచే కుడిచేయి పడిపోయినయెడల చెడినది చేయి కాదు, సాధారణముగా మెదడు ఎడమ ప్రక్క. చేతికి నూనె రాచిన ప్రయోజనమెంతయో ఇప్పుడు మీరే ఆలోచించుడి.

ప్రతి సగమును నాలుగు భాగములుగా చెప్పుదురు.

నుదుటి వెనుకనున్న భాగము ఆలోచించుటకును, ముందుచూపునకును, నోటికి వచ్చిన మాటను ఆపుకొనుటకును స్థానము. దీని వెనుక అంచున దేహమును కదలించు పట్టీ యున్నది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రములో రైలుమార్గము వేయుచుండగా ఫినియాసు గేజ్ అను మేస్త్రీ తలలోనుండి, తుపాకి మందు కూరు ఇనుప గడ్డపార ఒకటి చెంప క్రింద దూరి నడినెత్తిన వెలువడెను. దాని పొడవు 3 అడుగుల 7 అంగుళములు. అతడు చావలేదు. ఇంకను దాదాపు 12 ఏండ్లు బ్రదికెను. నడచెను, మాటలాడెను. అయితే నెమ్మదిగా, నమ్మకముగా ఉండిన మనిషి ఆ తరువాత దుడుకువాడై, బూతులాడువాడై, ఒక నిర్ణయము మీద నిలువనివాడాయెనని అతనికి వైద్యము చేసిన డాక్టరు వ్రాసెను. తలకు గట్టి దెబ్బ తగిలి ఇంటికి వచ్చిన కుమారుడు ముందువలె లేక కోపిష్ఠియైనప్పుడు, "వీనికి పొగరెక్కినది" అని మనము తీర్పు తీర్చక ముందు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనవలెను.

నడినెత్తిన కొంచెము వెనుకగా నున్న భాగము స్పర్శను తెలిసికొనును. వేడి గిన్నెను ముట్టుకొన్నది చేయి. వేడి అని తెలిసికొన్నది ఈ భాగము. ఇక్కడ పెదవులకును వ్రేళ్లకును విశాలమైన స్థలమున్నది. వీపుకు కొంచెమే యున్నది. అందుచేతనే చీకటిలో గింజను వ్రేళ్లతో పట్టి వడ్లో జొన్నలో చెప్పగలము గాని, వీపుమీద పెట్టిన చెప్పలేము. కెనడాలో వైల్డరు పెన్‌ఫీల్డు అను శస్త్రవైద్యుడు మెలకువగా నున్న రోగుల మెదడును సన్నని విద్యుత్తుతో తాకుచు, ఏ చోటు ఏ అవయవమునకు చెందినదో పటము గీసెను. మెదడునకు తనకు తానుగా నొప్పి తెలియదు గనుక అది సాధ్యమాయెను.

కణతల వద్ద నున్న భాగము వినుటకును, జ్ఞాపకమునకును సంబంధించినది. తల వెనుకనున్న భాగము చూపునకు స్థానము. కన్నులు ముందుండగా చూచు పని వెనుక జరుగుచున్నది. కన్నులు చక్కగా నున్నను ఈ వెనుక భాగము చెడినయెడల చూపు పోవును.

ఇక మాట సంగతి. 1861లో పారిసులో పాల్ బ్రోకా అను వైద్యుడు ఒక రోగిని చూచెను. అతడు ఇతరుల మాటలు గ్రహించును గాని, "టాన్" అను శబ్దము తప్ప దాదాపు మరేమియు పలుకలేడు. అతడు చనిపోయిన తరువాత చూడగా నుదుటి భాగములో ఎడమ ప్రక్క ఒక చోట చెడియుండెను. 1874లో కార్ల్ వెర్నికే అను జర్మను వైద్యుడు మరియొక చోటును గూర్చి వ్రాసెను. అది ఎడమ కణత వైపు వెనుకగా నున్నది. అది చెడినవారు ధారాళముగా మాటలాడుదురు గాని, ఆ మాటలకు అర్థముండదు; ఇతరుల మాటయు వారికి అర్థము కాదు. మనలో ఎక్కువమందికి మాట స్థానము ఎడమ ప్రక్కనే యున్నది. మా పాలెపు తండ్రికి కుడిచేయి, మాట రెండును ఒకేసారి ఎందుకు పోయెనో మేము ఇది చదివిన దినమున తెలిసికొంటిమి. అట్టివారికి బుద్ధి పోయినదని తలంచి, వారి యెదుటనే వారిని గూర్చి మాటలాడుకొనుట మన ఊళ్లలో కలదు. మాట పోయినంత మాత్రమున గ్రహింపు పోయినదని అనుకొనకూడదు. ఆ తండ్రి మనుమడు ఏదైనను తప్పు చెప్పినప్పుడు ఎడమచేతితో మంచపు పట్టెమీద కొట్టి సరిదిద్దుట మేము చూచియున్నాము.

3. లోపల దాగియున్న భాగములు

పెద్ద మెదడు నడుమ థలామసు అను భాగమున్నది. వాసన తప్ప మిగిలిన ఇంద్రియముల వర్తమానములన్నియు దీనిద్వారానే పైకి పోవును. తపాలా కచేరిలో ఉత్తరములను ఊరూరికి వేరుచేయు గుమాస్తా వంటిది ఇది.

దాని క్రింద అధోపర్యంకము కలదు. బాదంపప్పు అంతయే యుండును. పనులు మాత్రము ఎక్కువ. ఆకలి, దప్పిక, దేహపు వేడి, నిద్ర వీటిని ఇది చూచుకొనును. వేసవిలో కోత కోయువారికి చెమట పట్టించి, దప్పిక పుట్టించునది ఇదియే. దేహపు వేడి ఇది అదుపు చేయగలిగిన హద్దు దాటినప్పుడు వడదెబ్బ కలుగును. దీని క్రింద బఠాణీగింజ అంత పీయూష గ్రంథి వ్రేలాడుచు, దీని ఆజ్ఞచొప్పున ఎదుగుదల మొదలైన వాటిని నడపును.

కణతల లోపల హిప్పోకాంపసు అను చిన్న భాగము రెండు ప్రక్కల నున్నది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అను యువకునికి మూర్ఛలు తగ్గించుటకై ఈ భాగమును చాలవరకు రెండు ప్రక్కల తీసివేసిరి. మూర్ఛలు తగ్గెను గాని, ఆ దినము మొదలుకొని క్రొత్త సంగతి ఏదియు అతనికి నిలువలేదు. భోజనము చేసి, చేసితినని మరచిపోవును. దినదినము చూచు వైద్యులను ప్రతిదినము క్రొత్తవారని తలంచును. చిన్ననాటి సంగతులు మాత్రము చెప్పగలడు. అతడు 2008లో చనిపోవువరకు పండితులు అతనినుండి జ్ఞాపకశక్తిని గూర్చి నేర్చుకొనిరి. మన ఇండ్లలో ముసలితనమున మతిమరుపు రోగము కలిగిన పెద్దలకు మొదట దెబ్బతిను చోట్లలో ఇది యొకటి. అందుచేత వారు ఉదయము తినిన దానిని మరచి, యాబది యేండ్ల క్రిందటి పెండ్లి సంగతి చెప్పుదురు. "ఇప్పుడే గదా తింటివి!" అని గద్దించిన ప్రయోజనము లేదు. వారు అబద్ధమాడుట లేదు.

4. చిన్న మెదడు

పెద్ద మెదడునకు వెనుక, క్రిందుగా, పిడికిలికంటె చిన్నదైన చిన్న మెదడు కలదు. బరువులో మొత్తము మెదడులో పదియవ వంతు మాత్రమే. అయితే మెదడులోని నాడీకణములలో అయిదింట నాలుగు వంతులు, అనగా దాదాపు 6,900 కోట్లు, ఇందులోనే యున్నవి.

దీని పని దేహమును తూకముగా నిలుపుట, కదలికలను పొందికగా నడపుట. తాటిచెట్టు ఎక్కి మోకుమీద వెనుకకు వాలి రెండు చేతులతో గీయు గీతవానిని చూడుడి. బురదలో వంగి, చూడకనే సమముగా నారు గుచ్చు తల్లులను చూడుడి. "చేయుము" అనునది పెద్ద మెదడు. "ఇంత దూరము, ఇంత బలము, ఇప్పుడు" అని సరిచేయునది చిన్న మెదడు. సారాయి త్రాగినవానికి ఇది మత్తెక్కును గనుక కాళ్లు తడబడును, మాట తొట్రుపడును. బహుకాలము త్రాగినవారిలో ఈ భాగము క్షీణించి, త్రాగనప్పుడు కూడ నడక సరిగా ఉండకపోవుట కలదు.

5. మెదడు కాండము

అన్నిటికి అడుగున, బొటనవ్రేలంత భాగము వెన్నుపాముతో కలియుచున్నది. దీనిలో మధ్య మెదడు, దాని క్రింద వారధి, దాని క్రింద మజ్జాముఖము అను మూడు అంతరువులున్నవి. ఊపిరి, గుండె కొట్టుకొనుట, మ్రింగుట, దగ్గు, మెలకువ ఇవి దీని వశమున నున్నవి. ఊరంతయు నిద్రించుచుండగా తలారి తిరుగుచున్నట్లు, మనము నిద్రించినను ఇది నిద్రింపదు. ఇది చెడినయెడల మిగిలిన భాగములు బాగుగానున్నను ప్రాణము నిలువదు.

కావున చెట్టుమీదనుండి గాని బండిమీదనుండి గాని పడినవారిని కాళ్లు చేతులు పట్టి గోనెవలె ఎత్తకూడదు. మెడ విరిగియున్నయెడల ఆ కదలికతోనే ఈ భాగమునకో వెన్నుపామునకో హాని కలుగును. తలయు మెడయు వంగకుండ ఒకరు పట్టుకొని, పలకమీద పరుండబెట్టి తీసికొని పోవలెను.

6. మెదడునకు నీరు పెట్టు కాలువలు

మన దేహపు బరువులో మెదడు నూటికి 2 వంతులు మాత్రమే. అయినను మనము పీల్చు ప్రాణవాయువులో నూటికి దాదాపు 20 వంతులు అదియే వాడుకొనును. అది తనకొరకు ఏమియు నిలువచేసికొనదు. రక్తము పూర్తిగా ఆగిన కొద్ది క్షణములలో స్పృహ పోవును. కొద్ది నిమిషములలో కణములు చచ్చుట మొదలగును.

మెడ ముందు ప్రక్కల రెండు, వెనుక రెండు, మొత్తము నాలుగు పెద్ద రక్తనాళములు మెదడునకు పోవుచున్నవి. అవి మెదడు అడుగున ఒక వలయముగా కలిసికొనును. 1664లో దానిని వివరించి వ్రాసిన ఆంగ్ల వైద్యుడు థామసు విల్లిసు పేరుతోనే దానిని పిలుచుచున్నారు.

పొలమునకు నీరు పారు కాలువకు రెండు విధముల చేటు కలుగును. మట్టి అడ్డుపడి నీరు ఆగుట ఒకటి. గట్టు తెగి పొలము మునుగుట రెండవది. మెదడులోను అంతే. రక్తపు గడ్డ అడ్డుపడుట ఒక విధమైన పక్షవాతము. ఎక్కువమందికి కలుగునది ఇదియే. నాళము చిట్లి రక్తము కారుట రెండవది. బయటనుండి చూచిన రెండును ఒకటిగానే కనబడును. గడ్డను కరగించు మందు మొదటి దానికి మేలు చేయును. అదే మందు రెండవ దానిలో ప్రాణము తీయగలదు. కనుక తల స్కాను పరీక్ష చేయకుండ ఏ మందుయు ఇయ్యకూడదు. ఇంటిలో ఆస్పిరిను బిళ్ల వేయుటయు తగదు.

గడ్డను కరగించు సూదిమందు 1996లో అమెరికాలో ఈ రోగమునకు అనుమతింపబడెను. సాధారణముగా అది రోగము మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను; ఎంత ముందుగా ఇచ్చిన అంత మేలు. పెద్ద నాళము మూసికొనినప్పుడు నిమిషమునకు దాదాపు 19 లక్షల నాడీకణములు చచ్చుచున్నవని పండితులు లెక్క కట్టిరి. మేము "తెల్లవారనిండు" అనిన రాత్రి ఎన్ని నిమిషములో మేము తరువాత లెక్కించుకొంటిమి.

కాబట్టి మూడు గుర్తులను మీ ఇంటి పిల్లలకు కూడ నేర్పుడి.

మొదటిది, నవ్వుమనుడి: మూతి ఒక ప్రక్కకు వంగినదా?

రెండవది, రెండు చేతులు ముందుకు చాచి ఎత్తుమనుడి: ఒకటి జారిపోవుచున్నదా?

మూడవది, ఒక చిన్న వాక్యము పలుకుమనుడి: మాట ముద్దగా గాని తప్పుగా గాని వచ్చుచున్నదా?

ఈ మూడింటిలో ఒక్కటి హఠాత్తుగా కనబడినను ఆలస్యము చేయరాదు. ఉన్నట్లుండి చూపు పోవుటయు, నడక తప్పుటయు, ఎన్నడు లేని తీవ్రమైన తలనొప్పియు కూడ అట్టివే. పది నిమిషములలో తగ్గిపోయినను "పోయినది గదా" అని ఊరకుండరాదు. అది రాబోవు పెద్దదానికి హెచ్చరిక కావచ్చును. 108కి ఫోను చేయుడి. ఆ బండ్లు మన తెలుగు దేశమున 2005 ఆగష్టు 15న మొదలైనవి, అర్ధరాత్రియైనను పిలువవచ్చును. నోటిలో నీరు గాని కాఫీ గాని పోయకుడి. మ్రింగుట చేతకాక అది ఊపిరితిత్తులలోనికి పోవును. రోగము మొదలైన గంటను, రోగిని బాగుగా చూచిన కడపటి గంటను కాగితముమీద వ్రాసి తీసికొని పోవుడి. రాత్రివేళ కూడ స్కాను పరీక్షయు ఈ వైద్యమును దొరకు దగ్గరి ఆసుపత్రి ఏదో ముందుగానే విచారించి, తలుపు వెనుక వ్రాసి పెట్టుకొనుడి. ప్రార్థన చేయవద్దని మేము చెప్పుట లేదు. బండిలో కూర్చుండి చేయవచ్చును.

పక్షవాతమునకు అన్నిటికంటె పెద్ద కారణము రక్తపు పోటు. దానికి నొప్పి లేదు గనుక మనకు భయము లేదు. ఊరిలోని ఆరోగ్య కేంద్రములో చూపించుకొనుడి. బిళ్లలు ఇచ్చినయెడల "తగ్గినది గదా" అని మానివేయకుడి, తగ్గినది బిళ్లలవలననే. ఊరగాయ, ఎండుచేప, అన్నములో కలుపుకొను ఉప్పు తగ్గింపుడి. చుట్ట, బీడీ, పొగాకు నమలుట మానుడి. మధుమేహము కలవారు దానిని అదుపులో ఉంచుకొనుడి.

7. మూర్ఛను గూర్చి

నాడీకణములు క్రమము తప్పి ఒకేసారి విద్యుత్తును విడుచుటవలన మూర్ఛ కలుగును. జర్మనీలో హాన్సు బెర్గర్ అను వైద్యుడు 1924లో మనుష్యుని మెదడు విద్యుత్తును మొదటిసారి గీతలుగా పట్టి, 1929లో ప్రకటించెను. ఇప్పుడును ఆ పరీక్షతోనే మూర్ఛను విచారింతురు. ఇది దయ్యము కాదు, అంటురోగము కాదు.

మూర్ఛ వచ్చినవానిని ఒక ప్రక్కకు ఒత్తిగిలబెట్టి, తల క్రింద మెత్తని గుడ్డ పెట్టుడి. చేతిలో తాళపుచెవి పెట్టుటవలన గాని ఇనుము పట్టించుటవలన గాని మూర్ఛ ఆగదు. అది తనంతట ఆగును, మనము ఇనుమునకు పేరు పెట్టుదుము. పండ్ల నడుమ చెంచా గాని వ్రేలు గాని దూర్చకుడి. నీరు పోయకుడి. 5 నిమిషములు దాటినను, ఆగి మరల వెంటనే వచ్చినను ఆసుపత్రికి తీసికొని పోవుడి. క్రమముగా మందు వాడినయెడల నూటికి 70 మందివరకు మూర్ఛలు లేకుండ బ్రదుకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

మన దేశమున మూర్ఛకు ఒక కారణము పురుగు. పందిమాంసమునకు సంబంధించిన బద్దెపురుగు గుడ్లు మనుష్యుల మలముద్వారా నీటిలోనికి, కూరగాయలమీదికి చేరి, కడుపులోనికి పోయి, మెదడులో తిత్తులుగా ఏర్పడును. అందుచేత మాంసము ముట్టనివారికి కూడ ఇది రావచ్చును. మరుగుదొడ్డి వాడుట, చేతులు కడుగుకొనుట, పచ్చిగా తిను ఆకులను బాగుగా కడుగుట, మాంసమును పూర్తిగా ఉడికించుట దీనికి అడ్డు.

మూర్ఛ ఉన్న పిల్లకు పెండ్లి తగదని ఇంటిలో దాచిపెట్టుట మన ఊళ్లలో ఇంకను కలదు. హిందూ వివాహ చట్టములోను, ప్రత్యేక వివాహ చట్టములోను ఉండిన మూర్ఛ అను అడ్డును 1999లోనే తొలగించిరి. చట్టము విడిచిన దానిని మనము పట్టుకొనియుండుట న్యాయమా?

8. ముగింపు

ఇంకొక్క మాట. చిప్ప ఎంత గట్టిదైనను తారురోడ్డుకంటె గట్టిది కాదు. మోటారుసైకిలు మీద పొరుగూరి సంతకు పోవునప్పుడును శిరస్త్రాణము పెట్టుకొనుడి. వెనుక కూర్చున్నవారును పెట్టుకొనవలెను.

మేము మొదట చెప్పిన పాలెములోనే, పోయిన యేడు ఒక అవ్వ ముగ్గు వేయుచు ప్రక్కకు ఒరిగెను. ఆమె మనుమరాలు బడిలో చదువుకొనుచున్నది. "నవ్వవ్వా, చేతులెత్తవ్వా" అని అడిగి చూచి, పెద్దవారు వచ్చులోపలనే 108కి ఫోను చేయించెను. రెండు గంటలలో అవ్వను ఆసుపత్రిలో చేర్చిరి. ఇప్పుడు ఆమె కొంచెము కాలీడ్చుచు నడచును గాని, తన వంట తానే వండుకొనుచున్నది. ముగ్గు మాత్రము వంకరగా వచ్చుచున్నదని సణుగుకొనుచున్నది. ఆ సణుగుడు వినుట మాకు ఎంతో ఇష్టము. అదే వీధిలో నాలుగిండ్ల అవతల ఆ తండ్రి మంచముమీద కూర్చుండి, మేము పోవునప్పుడు ఎడమచేయి ఎత్తును.

ఈ పాఠమును చదువురాని ఇరుగుపొరుగువారికి చదివి వినిపింపుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. కుడిచేయి పడిపోయినయెడల మెదడులో ఏ ప్రక్క చెడియుండును? ఎందుచేత?

2. తాటిచెట్టు ఎక్కువానికి ముఖ్యముగా తోడ్పడునది మెదడులో ఏ భాగము?

3. మెదడు కాండము చేయు పనులలో నాలుగింటిని చెప్పుడి.

4. పక్షవాతపు మూడు గుర్తులేవి? వాటిని ఇంటిలో ఒకరితో చేయించి చూడుడి.

5. స్కాను పరీక్షకు ముందు మందు ఏల ఇయ్యకూడదు?

6. మీ ఇంటినుండి రాత్రివేళ ఏ ఆసుపత్రికి పోవలెను? అక్కడికి ఎంత సేపు పట్టును? తలుపు వెనుక వ్రాసితిరా?